పాత పడవ ఇంజను: ముందు ఉప్పు కడగండి, తర్వాతే స్పానర్ పట్టండి

కృష్ణపట్నం, జువ్వలదిన్నె, రామాయపట్నం, అటు పాకల, కొత్తపట్నం వైపు తీరం ఊళ్లలో పాత ఇనుము కొట్లు ఓపిగ్గా వెతికితే, పిస్టన్ పట్టేసిన సింగిల్ సిలిండర్ డీజిల్ ఇంజను ఒకటైనా దొరక్కపోదు. కొన్ని నేరుగా పడవ మీంచి దిగినవి. కొన్ని పడవ దిగాక రొయ్యల చెరువు గట్టున పంపు తిప్పి, అక్కడా ఉప్పునీళ్లే తాగి, చివరికి కొట్టుకు చేరినవి. 2004 డిసెంబర్ 26న సునామీ నీళ్లలో మునిగి, తర్వాత సాయంగా కొత్త ఇంజన్లు రావడంతో ఎవరూ తిరిగి చూడనివీ ఉంటాయి. కిలోల లెక్కన కరగడానికి పోతున్న వీటిలో చాలా వాటిని మళ్లీ తిప్పవచ్చు.

వీటిలో ఎక్కువ భాగం అరిగి ఆగినవి కావు. ఆగిన తర్వాత, లోపల మిగిలిన ఉప్పు మెల్లగా తినేసినవి. అందుకని మామూలు మోటారు ఇంజనుకు చేసే పనివరస వీటికి కుదరదు. ముందు ఉప్పు పోవాలి, ఆ తర్వాత తుప్పు పోవాలి, కొలతలూ విడిభాగాలూ ఆ తర్వాతి సంగతి. తెచ్చిన రోజే ఫ్లైవీల్‌కు గడ్డపార అడ్డం పెట్టి నలుగురు వేలాడితే, పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. తుప్పును వదిలించవచ్చు గానీ, వంగిన రాడ్‌ను సరిచేసి నమ్మడం కష్టం.

కొనేముందు పది నిమిషాలు దాని పక్కన కూర్చోండి. చిన్న సుత్తితో బ్లాకు చుట్టూ, దాని పైమూత అయిన హెడ్డు మీద తట్టి వినండి. గట్టి పోత ఇనుము గంటలా పలుకుతుంది, పగులున్న చోట మొద్దుగా పలుకుతుంది. సిలిండర్ చుట్టూ చల్లబరిచే నీళ్లు తిరిగే గది, అంటే నీళ్ల జాకెట్, దాని అడుగున డ్రెయిన్ ప్లగ్గు విప్పి సైకిల్ చువ్వ లోపలికి పోనిచ్చి కదపండి. ఎర్రటి బురద వస్తే పరవాలేదు. పెంకుల్లా పలకలు రాలితే గోడ పలచబడిందని అర్థం, ఆ ఇంజనును విడిభాగాల కోసమే కొనండి. పిస్టన్, రింగులు, పిస్టన్ ఆడే గొట్టం (లైనర్) పాడైనా దిగులు లేదు. కిర్లోస్కర్ ఏవీ-1 లాంటి వాటికి (సిలిండర్ లోపలి వ్యాసం, అంటే బోరు 80 మి.మీ., పిస్టన్ కదిలే దూరం, అంటే స్ట్రోకు 110 మి.మీ., నిమిషానికి 1500 చుట్ల దగ్గర 5 హెచ్.పి.) అవి కొత్తవి దొరుకుతాయి. డీజిల్ పంపు, వేగాన్ని అదుపుచేసే గవర్నర్ లింకులు, స్టార్టింగ్ హ్యాండిల్ ఉన్నాయో లేదో మాత్రం తప్పకుండా చూడండి. గవర్నర్ లింకు పోతే నమూనా చూసి లేత్ దగ్గర చేయించుకోవలసిందే.

ఇత్తడి నంబరు ప్లేటు ఊడిపోయి ఉంటే, కొట్టువాణ్ణి అడిగి, వెతికించి తెచ్చుకోండి. ఇంజను మోడలు, చుట్లు, శక్తి అన్నీ దాని మీదే ఉంటాయి. దాన్ని బఫింగ్ చక్రానికి ఆనించొద్దు, అక్షరాలు అరిగిపోతాయి. బిందె తోమినట్టు కాస్త చింతపండు రుద్ది, వెంటనే మంచినీళ్లతో కడిగి తుడిస్తే చాలు.

ఇక ఉప్పు సంగతి. ఇంటికి చేరిన రోజే నీటి దారులన్నీ తెరిచి మంచినీళ్లు పట్టించండి. తీరం ఊళ్లలో చాలాచోట్ల బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి కాబట్టి అవి వద్దు. పట్టి ఉంచిన వాననీళ్లు గానీ, 20 లీటర్ల క్యాన్లలో అమ్మే నీళ్లు గానీ వాడండి. ఇంత చిన్న ఇంజను జాకెట్‌లో పట్టేది కొన్ని లీటర్లే, కాబట్టి ఖర్చు పెద్దగా కాదు. నింపి ఒక రోజు ఉంచి, వంపేసి, మళ్లీ నింపాలి.

ఎన్నాళ్లు? దీనికి కంటి అంచనా పనికిరాదు. ల్యాబ్ సామాన్ల కొట్టులో సిల్వర్ నైట్రేట్ ద్రావణం చిన్న సీసా దొరుకుతుంది. రెండు గాజు గొట్టాలు తీసుకుని ఒకదాంట్లో వాడిన నీళ్లు వడగట్టి పోయండి, రెండోదాంట్లో క్యాను నీళ్లు పోయండి. రెండింట్లోనూ రెండేసి చుక్కలు వేయండి. మొదటిరోజు వాడిన నీళ్లలో చుక్క పడ్డచోటే పాలు విరిగినట్టు తెల్లటి ముద్ద కడుతుంది. నాలుగైదు మార్పుల తర్వాత బియ్యం కడిగిన నీళ్లలా పలచబడుతుంది. రెండు గొట్టాల్లోనూ ఒకేలా కనిపించిన రోజున ఆపవచ్చు. దీనికి వారం పట్టవచ్చు, మూడు వారాలూ పట్టవచ్చు. ఆ మందు చేతికి అంటితే నల్లటి మరక పడి రోజుల తరబడి పోదు, కంట్లో పడితే ప్రమాదం. చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు ఉండాలి.

ఇంత చాదస్తం ఎందుకంటే, ఉప్పులోని క్లోరైడు తుప్పు పొర అడుగున, ఇనుముకు ఆనుకుని దాక్కుంటుంది. పైనున్న తుప్పును వైరు బ్రష్షుతో గీకి, మెరిపించి, రంగు వేసినా, మన గాలిలోని తేమను అది లాక్కుంటూనే ఉంటుంది. ఒక వానాకాలం గడిచేసరికి రంగు కింద బొబ్బలు లేస్తాయి. బొబ్బ చిదిమితే లోపల చెమ్మగా, కాషాయం రంగు నీరు కనిపిస్తుంది. ఆ దశకు వస్తే మళ్లీ మొదటినుంచీ చేయాలి.

పట్టేసిన పిస్టన్‌కు హెడ్డు తీసి, ఆటోమేటిక్ గేరుబాక్సులో వాడే ఆయిల్ (ఏటీఎఫ్), అసిటోన్ సమపాళ్లలో కలిపి సుమారు 100 మి.లీ. పిస్టన్ నెత్తిన పోయండి. అసిటోన్ తేలిగ్గా అంటుకుంటుంది. ఆరుబయట, బీడీ అగ్గికి దూరంగా చేయండి. రోజూ కాస్త పోస్తూ వారం ఆగండి. మధ్యమధ్యలో జాకెట్ నిండా వేడినీళ్లు పోసి చల్లారనివ్వండి, ఆ రోజు మాత్రం మందు పోయకండి. వేడికి ఇనుప లైనర్, అల్యూమినియం పిస్టన్ వేర్వేరుగా సాగి, ముడుచుకుంటాయి. తుప్పు పట్టు విడేది అక్కడే. ఆ తర్వాత కింది మూత తీసి, బిగ్ ఎండ్ క్యాప్ విప్పి రాడ్‌ను క్రాంకు నుంచి వేరు చేయండి. 80 మి.మీ. బోరుకు 77 మి.మీ. మందం సరుగుడు దుంగ లేత్ మీద తీయించి, పిస్టన్ మీద నిలిపి సుత్తితో దెబ్బలు వేయండి. గట్టి దెబ్బ ఒకటి కంటే చిన్న దెబ్బలు వంద మేలు. దుంగ పిస్టన్ నెత్తినంతా ఆనాలి. నడిమధ్యలో ఇనుప కడ్డీ పెట్టి కొడితే పిస్టన్‌కు చిల్లు పడుతుంది.

అప్పటికీ కదలకపోతే, తడి లైనర్ ఉన్న ఇంజనులో లైనర్, పిస్టన్ రెండూ కలిపి పైకి లాగేయవచ్చు. ఎలాగూ లైనర్ తీయాల్సిందే. ఈ ఇంజన్లలో అసలు జబ్బు లైనర్ అడుగున ఉంటుంది.

తడి లైనర్ చుట్టూ నేరుగా నీళ్లు తిరుగుతాయి. ఆ నీళ్లు ఇంజను అడుగున ఆయిల్ ఉండే తొట్టిలోకి (సంపు) దిగకుండా లైనర్ అడుగున రబ్బరు రింగులు ఆపుతాయి. రబ్బరు, ఇనుము కలిసే ఆ సన్నని సందులో ఉప్పునీళ్లు కదలకుండా నిలుస్తాయి, గాలి ఆడదు, తుప్పు గుంటలు గుంటలుగా తింటుంది. కొత్త రింగులు వేసినా ఆ గుంటల్లోంచి నీళ్లు జారతాయి, సంపులో ఆయిల్ మజ్జిగలా తెల్లబడుతుంది. చాలామంది హెడ్ గ్యాస్కెట్ పోయిందనుకుని దాన్నే రెండుమూడు సార్లు మారుస్తారు. హెడ్డు విప్పే ముందు సంపు మూత తీసి లైనర్ అంచు చుట్టూ టార్చి వేసి చూస్తే నీటి చార కనిపిస్తుంది.

బ్లాకులో రబ్బరు రింగులు ఆనే చోట గుంటలు మిల్లీమీటరు లోపు లోతుంటే, ఆ చోటును మెరిసేదాకా శుభ్రం చేసి, అసిటోన్‌తో తుడిచి, లోహపు పొడి కలిసిన ఎపాక్సీ నింపండి. గట్టిపడ్డాక గుండ్రటి కర్రకు 120 నంబరు ఉప్పుకాగితం చుట్టి, బోరు గుండ్రతనం చెడకుండా అరగదీయాలి. అంతకంటే లోతుగా ఉంటే బోరింగ్ చేయించి సన్నని స్లీవ్ దింపించాలి. కొత్త రబ్బరు రింగులకు సబ్బునీళ్లు రాసి దింపండి. ఇంజనాయిల్ రాస్తే కొన్ని రకాల రబ్బరు ఉబ్బి, లైనర్ దిగేటప్పుడు తెగుతుంది. దించాక జాకెట్‌కు గొట్టం తగిలించి, 3 మీటర్ల ఎత్తు నుంచి నీళ్లు నింపి రాత్రంతా వదిలేయండి. అంటే సుమారు 0.3 బార్ ఒత్తిడి. కింద పాత న్యూస్‌పేపర్ పరిస్తే తెల్లారేసరికి ఒక్క చుక్క పడినా తెలిసిపోతుంది. హెడ్డు బిగించకముందే ఈ పరీక్ష కావాలి.

తుప్పుకు మాకు నచ్చిన పద్ధతి కరెంటు పద్ధతి. ప్లాస్టిక్ డ్రమ్ములో 20 లీటర్ల నీళ్లకు 100 గ్రాముల చాకలి సోడా కలిపి, 12 వోల్టుల బ్యాటరీ చార్జర్ నెగెటివ్ తీగ తుప్పు పట్టిన భాగానికి, పాజిటివ్ తీగ పనికిరాని ఇనుప రేకుకు తగిలించండి. రెండూ తాకకూడదు. 2 నుంచి 5 ఆంపియర్లు లాగితే చాలు, ఒక రాత్రికి ఎర్ర తుప్పు నల్లటి మెత్తని పొరగా మారుతుంది, బ్రష్షుతో రాలిపోతుంది. ఇనుములో మిగిలిన క్లోరైడు కూడా కొంత దీంతో బయటికి వస్తుంది. సోడాకు బదులు ఉప్పు వేయకూడదు. పాజిటివ్‌కు స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టకూడదు, విషపూరితమైన క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. అల్యూమినియం పిస్టన్ ఈ నీళ్లలో వేస్తే కరిగిపోతుంది. స్ప్రింగులు, కనెక్టింగ్ రాడ్ బోల్టులు వేస్తే హైడ్రోజన్ చేరి పెళుసెక్కుతాయి, తర్వాత తిరిగేటప్పుడు తెగుతాయి. హైడ్రోజన్ వాయువు మండుతుంది కాబట్టి గది తలుపులు తెరిచి ఉండాలి, తీగలు కదిపేముందు చార్జర్ ఆపాలి.

జాకెట్ లోపలి సున్నపు పొరకు లీటరు నీళ్లకు 50 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి పోసి 6 గంటలు ఉంచండి. నురగ ఆగాక వంపేసి, వంట సోడా కలిపిన నీళ్లతో ఒకసారి, మంచినీళ్లతో రెండుసార్లు కడగండి.

కొత్త పిస్టన్ రింగులను లైనర్‌లో విడిగా పెట్టి ఫీలర్ గేజితో రింగు కొసల మధ్య సందు కొలవండి. 80 మి.మీ. బోరుకు 0.25 నుంచి 0.35 మి.మీ. ఉండాలి. తక్కువైతే వేడికి రింగు కొసలు ఢీకొని లైనర్‌ను చీరేస్తాయి. వాల్వులు పేస్టుతో తోమాక, పోర్టులో కిరోసిన్ పోసి ఐదు నిమిషాలు చూడండి, చెమ్మ కూడా రాకూడదు. పాత హెడ్ గ్యాస్కెట్లలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. పొడిగా గీకొద్దు, తడిపి, ముక్కుకు గుడ్డ కాదు, సరైన మాస్కు కట్టుకుని తీయండి.

డీజిల్ పంపు దగ్గర తొందర వద్దు. అందులో డీజిల్‌ను నెట్టే కడ్డీ (ప్లంజరు), అది ఆడే గొట్టం (బ్యారెల్) జతగా తోమిన జంట. ఒకదాని ప్లంజరు ఇంకోదానికి వేయకూడదు, శ్రావణంతో పట్టి లాగకూడదు. డీజిల్‌లో రోజుల తరబడి నానబెట్టండి. బాగుపడ్డ పంపులో, డీజిల్ ఎంత పోవాలో నిర్ణయించే కంట్రోల్ రాక్, పంపును నిలబెడితే తన బరువుకే జారాలి. రాక్ ఎక్కడైనా పట్టిందంటే ఇంజను అదుపు తప్పి పరుగెత్తుతుంది.

డీజిల్ చిమ్మే సమయం (టైమింగ్) చూడటానికి, పంపు నుంచి డీజిల్ బయటికి వెళ్లే చోటున్న డెలివరీ వాల్వు లోపలి భాగాన్ని తీసి, దాని చోట కొంగ మెడలా వంచిన సన్నని గొట్టం బిగించండి. రాక్ ఫుల్లులో పెట్టి, డీజిల్ వదిలి, ఇంజను తిరిగే వైపుకే ఫ్లైవీల్‌ను చేత్తో అంగుళం అంగుళం తిప్పండి. గొట్టం కొసన ధార సన్నగిల్లి, దారమై, చుక్కలుగా విడిపోతుంది. 10, 15 సెకన్లకు ఒక చుక్క చొప్పున పడే చోట ఆపండి. ఇంజెక్షన్ మొదలయ్యే క్షణం అదే. ఫ్లైవీల్ మీది గుర్తు ఆ సమయానికి ముల్లు దగ్గరికి రావాలి. గుర్తు తుప్పులో పోయి ఉంటే ఫ్లైవీల్ చుట్టుకొలత టేపుతో కొలిచి లెక్కకట్టండి. చుట్టుకొలత 1400 మి.మీ., మాన్యువల్‌లో 23 డిగ్రీలు అని ఉంటే, 1400ను 360తో భాగించి 23తో హెచ్చవేయాలి. పిస్టన్ పైకొస వచ్చిన గుర్తుకు 89 మి.మీ. ముందు ఆ చుక్క పడాలి. పంపు కింది రేకులు తీసినా వేసినా ఈ లెక్క మారుతుంది, అందుకే ఎన్ని రేకులున్నాయో విప్పేటప్పుడే రాసిపెట్టుకోండి.

సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ పరీక్ష డీజిల్ పంపుల షాపులోనే చేయించండి. ఈ తరగతి ఇంజన్లకు సుమారు 200 బార్ దగ్గర తెరుచుకుని, పొగమంచులా చిమ్మి, కొసన చుక్క నిలవకుండా ఆగాలి. ఆ చిమ్ముడు ముందు వేలు పెడితే డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. నొప్పి తెలియకపోయినా అది ఆపరేషన్ దాకా వెళ్లే గాయం.

రంగు వేసే కాలం మన జిల్లాల్లో ముఖ్యం. నెల్లూరు వైపు ఎక్కువ వాన అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, అప్పుడు మొదలుపెట్టొద్దు. ఎండాకాలంలో పడమటి గాలి వీచే ఉదయం పూట, తుడిచిన ఇనుము గంటల తరబడి తెల్లగా ఉంటుంది. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి తిరగ్గానే అదే ఇనుము మీద పసుపు నీడ పడుతుంది. ఆ గాలి రాకముందే జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్ పడిపోవాలి. పాత రంగు పూర్తిగా తీసేముందు నంబరు ప్లేటు వెనక చూడండి. ఫ్యాక్టరీ అసలు రంగు అక్కడ ఎండ తగలకుండా మిగిలి ఉంటుంది, దాన్ని నమూనాగా పెట్టి కలిపించండి. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు, పొడి ఉప్పుకాగితంతో రుద్దకండి.

ప్రొపెల్లర్ షాఫ్టు సంగతి చిన్నదే. షాఫ్టు పడవ బయటికి వెళ్లే చోట నీళ్లను ఆపే గ్లాండ్‌లో గ్రీసు పట్టించిన తాడు మూడు నాలుగు చుట్లుగా, ఒక్కో చుట్టు విడిగా, కొసలు ఏటవాలుగా కోసి, అతుకులు ఒకదాని కింద ఒకటి రాకుండా వేయాలి. షాఫ్టు తిరిగేటప్పుడు నిమిషానికి కొన్ని చుక్కలు కారనివ్వండి. పూర్తిగా ఆగేలా బిగిస్తే షాఫ్టు కాలి గాడి పడుతుంది. మన తీరంలో అలల్లోంచి ఇసుక మీదికే పడవ లాగాలి కాబట్టి, 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ మత్స్య పథకం బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రాం, ఇంజనూ ప్రొపెల్లరూ కలిసి పైకి లేచే ఏర్పాటున్న పడవలు తయారుచేయించింది. పడవ అడుగుకూ ఇంజను పెట్టెకూ మధ్య రబ్బరు తిత్తి ఉంటుంది. అలాంటి పెట్టె ఎక్కడైనా కనబడితే ఇంజను ఒక్కటే పీకి తెచ్చుకోకండి. పెట్టె, తిత్తి, ఇరుసు కలిసి ఉంటేనే దానికి విలువ, మన తీరం కోసం ఆలోచించి చేసిన వస్తువది.

అవుట్‌బోర్డ్ మోటార్లు సేకరించేవాళ్లకు ఒకటి రెండు మాటలు. ఇంగ్లండులోని పూల్ పట్టణంలో తయారైన బ్రిటిష్ సీగల్ దొరికితే, పాత మోడళ్లకు పెట్రోలుకూ ఆయిల్‌కూ 10:1 పాళ్లు, అంటే లీటరుకు 100 మి.లీ. పాత టూ-స్ట్రోక్ స్కూటర్ల లెక్కలో తక్కువ ఆయిల్ పోస్తే దాని బేరింగులు కాలిపోతాయి. కిరోసిన్ మోటార్లను ఆపేముందు రెండు నిమిషాలు పెట్రోలు మీద నడపాలి, లేకుంటే కార్బురేటర్‌లో మిగిలిన కిరోసిన్ మళ్లీ స్టార్టు కానివ్వదు. ప్రొపెల్లర్ పిన్ను విరిగితే మేకు ముక్క పెట్టకండి. ఆ పిన్ను విరగడానికే ఉంది, అది విరగకపోతే గేర్లు విరుగుతాయి.

డీజిల్ ఇంజను మొదటిసారి తిప్పే రోజున, సిలిండర్‌లో ఒత్తిడి నిలవనివ్వని డీకంప్రెషన్ లీవర్ ఎత్తి, డీజిల్ ఆపి, బేరింగులకు ఆయిల్ అందేదాకా హ్యాండిల్‌తో యాభై చుట్లు తిప్పండి. గాలి లాగే నోటికి సరిపడా చెక్కపలక ఒకటి చేతికందేలా ఉంచండి. ఇంజను పరుగెత్తితే డీజిల్ కట్టేయడం సరిపోకపోవచ్చు, పలకతో ఆ నోరు మూసేయాలి. గుడ్డ పెడితే లోపలికి లాగేస్తుంది, అరచెయ్యి అసలే పెట్టొద్దు. చల్లబరచడానికి 200 లీటర్ల డ్రమ్ము నిండా మంచినీళ్లు, డ్రమ్ములోకి తిరిగొచ్చే గొట్టం నీటి మట్టానికి దిగువన ఉండేలా అమర్చండి. లోడు లేకుండా 20 నిమిషాలు నడిపి ఆపి, చల్లారాక హెడ్ నట్లు ఎదురెదురు వరసలో మళ్లీ బిగించి, వాల్వులను తెరిచే టాపెట్ల దగ్గర సందులు చూడండి. తెల్లపొగ కాసేపటికి తగ్గకపోతే కంప్రెషన్ తక్కువో, టైమింగ్ ఆలస్యమో, నీళ్లు దిగుతున్నాయో చూడాలి. నీలిపొగ అంటే రింగులు ఇంకా కూర్చోలేదు, కొన్ని గంటలు సగం లోడు మీద నడిపితే తగ్గుతుంది. నల్లపొగ అంటే నాజిల్‌లో గానీ గాలి దారిలో గానీ లోపం ఉన్నట్టు.

పడవలో సముద్రపు నీళ్లతో చల్లబరిచే రోజు వస్తే, బయటికి వచ్చే నీళ్లు సుమారు 55 డిగ్రీలు దాటకుండా చూసుకోండి. అంతకంటే వేడెక్కితే నీటిలోని లవణాలు జాకెట్ గోడలకు పొరకట్టడం జోరందుకుంటుంది. జాకెట్‌లో జింక్ కడ్డీ ఉంటే సగం తినగానే మార్చండి, దానికి రంగు గానీ గ్రీసు గానీ పూయకండి. ఇత్తడి పంపు పక్కనున్న ఇనుమును కాపాడేది ఆ కడ్డీయే.

పక్కన పెట్టే ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి, నాజిల్ తీసి సిలిండర్‌లో 20 మి.లీ. ఆయిల్ పోసి, రెండు వాల్వులూ మూసి ఉండే కంప్రెషన్ చోట ఆపండి. ప్లాస్టిక్ పట్టా కప్పితే లోపల చెమర్చుతుంది, నూలుగుడ్డ కప్పండి. జాకెట్ పూర్తిగా వంపేసి డ్రెయిన్ ప్లగ్గు బిగించకుండా వదిలేయండి. ఆ ప్లగ్గును తీగతో స్టార్టింగ్ హ్యాండిల్‌కు కట్టి ఉంచితే, నీళ్లు పోయకుండా ఎవరూ పొరపాటున తిప్పరు.